370జెడ్‌కి లావుపాటి స్ట్రట్ బార్ వేయించాలా?

"సెకండ్ హ్యాండ్‌లో నిస్సాన్ 370జెడ్ కొన్నాను. కంపెనీ స్ట్రట్ బార్ తీసేసి ఇంకా గట్టిది వేయిస్తే మలుపుల్లో బాగుంటుందా?" అని అడిగారు. వద్దండి. (స్ట్రట్ బార్ అంటే బానెట్ కింద, ముందు చక్రాల సస్పెన్షన్ పై కొసలు బిగించే రెండు టవర్లని కలిపే అడ్డ కమ్మీ.) మా బావ అదే కారుకి అదే పని చేశాడు, పక్క సీట్లో కూర్చున్నది నేనే.

బెంగళూరు నుంచి తిరుపతి వెళ్తూ మొగిలి ఘాట్‌లో దిగుతుంటే ముందు చక్రాలు బయటికి జారుతున్నాయని బావకి అనుమానం. ఎవరో వీడియోలో చెప్పారని ఎర్ర రంగు బార్ తెప్పించి జేసీ రోడ్డు పక్క సందులో బిగించుకొచ్చాడు. ఎంత బిగించాలో కొలిచి బిగించే టార్క్ రెంచి అన్న మాటే లేదు, ఆ కుర్రాడు బలమంతా పెట్టి లాగితే బార్‌ని పట్టుకునే ఒక స్టడ్ మర పోయింది. ఆ రోజు నుంచి ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ టక్ టక్. బెంగళూరులో వాటికేం కొదవ! సగానికి తెల్ల గీత కూడా ఉండదు, నడుము విరిగాకే తెలుస్తుంది.

మళ్ళీ ఘాట్‌కి వెళ్తే అదే జారుడు. పలమనేరులో టీకి ఆగినప్పుడు ఊరికే టైరు పక్కన చూశాను: 1815. అంటే 2015లో 18వ వారం తయారీ. మేం వెళ్ళింది 2022లో. గాడులు బాగానే ఉన్నాయి కానీ గోరు గుచ్చితే రబ్బరు చెక్కలా ఉంది. కొత్త టైర్లు వేయించి, అలైన్‌మెంట్ చేయించి, పాత బార్ మళ్ళీ పెట్టించాం. జారుడు పోయింది. ఎర్ర బార్ మీద ఇప్పుడు మా అక్క తువ్వాళ్ళు ఆరేస్తోంది.

అసలు కంపెనీ బార్ రెండు టవర్లతో పాటు ఇంజిన్ వెనక గోడని కూడా కలిపి మూడు చోట్ల పట్టుకుంటుంది. బావ కొన్నది రెండే చోట్ల, అదీ చివర్లలో బోల్టు కీళ్ళతో, ఇంజిన్ తగలకుండా మధ్యలో వంచింది. వంగిన కమ్మీ గట్టిదెలా అవుతుంది? పైగా ఈ కారు ముందు సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. పై ఆర్మ్ లేకుండా స్ట్రట్టే చక్రాన్ని పైన పట్టుకునే మెక్‌ఫెర్సన్ స్ట్రట్ కార్లలోలా మలుపు బరువు టవర్ నెత్తిన అంతగా పడదు, చాలావరకు ఆర్మ్‌లే మోస్తాయి. ఆదివారం పొద్దున నంది హిల్స్ దగ్గర బానెట్ ఎత్తి నిలబడే వాళ్ళకి ఇవన్నీ చెప్పి నోరు నొప్పి పుట్టింది. వాళ్ళకి కావలసింది రంగు.

ముందు మీ టైర్ల మీద ఆ నాలుగంకెలు చూసి ఇక్కడ రాయండి, బార్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.