పెరటి షెడ్డు తర్వాత, ముందు కొలిమి

ప్రశ్న: మాది కాకినాడ జిల్లాలో పంచాయతీ ఊరు. నాకు 41 ఏళ్లు. మావారి జీతం చేతికి రూ.62,000 వస్తుంది, ఖర్చులు పోను నెలకు రూ.11,000 మిగులుతుంది. బాబు ఇంటర్ మొదటి ఏడాది. టార్చ్ మంట మీద గాజు పూసలు చేసి, దండలు గుచ్చి అమ్ముతుంటాను. పోయిన ఏడాది రూ.1.4 లక్షల అమ్మకాలు జరిగాయి. ఇప్పుడు వెనక వరండాలో చేస్తున్నాను. పెరట్లో పాత రేకుల షెడ్డు ఉంది. దాన్ని స్టూడియోగా మార్చడానికి, సామానుకు కలిపి రూ.6.4 లక్షలవుతుందని లెక్క వేశాం. ఇల్లు మామగారి పేరున ఉంది. రూ.5 లక్షల ఎఫ్‌డీ, 20 కాసుల బంగారం ఉన్నాయి. ఎఫ్‌డీలోంచి రూ.3 లక్షలు తీసి, మిగతా రూ.3.4 లక్షలకు బంగారం తాకట్టు పెట్టాలనుకుంటున్నాం. సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదండీ. పూసల పని మానమని చెప్పడం లేదు. ఆ బంగారం బీరువాలోంచి కదలకూడదు, అంతే. మీరు పంపిన లెక్కల కాగితం, మేస్త్రీ కొటేషన్ రెండూ ముందేసుకుని చూశాక చెబుతున్న మాట ఇది.

గాజు కడ్డీలు, గ్యాస్, ప్యాకింగ్, కొరియర్, యాప్ కమీషన్, పగిలి వెనక్కి వచ్చినవాటికి తిరిగి ఇచ్చిన డబ్బు అన్నీ తీసేస్తే రూ.1.4 లక్షల్లో మీకు మిగిలింది రూ.68,000. రూ.3.4 లక్షల బంగారం అప్పుకు ఏడాదికి తొమ్మిదిన్నర శాతం వేసుకున్నా వడ్డీ రూ.32,300. అంటే మీ సంపాదనలో దాదాపు సగం వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. పైగా చాలా బ్యాంకులు బంగారం అప్పుకు ఏడాదే గడువిస్తాయి. గడువు నాటికి బాబు ఇంజినీరింగ్ ఫీజు గుమ్మంలో ఉంటుంది.

షెడ్డు మారితే అమ్మకాలు పెరుగుతాయని రాశారు. ఎలా పెరుగుతాయో కాగితంలో కనిపించలేదు. చేసే మనిషి ఒక్కరే, టార్చ్ ఒక్కటే, ఇంటిపని పోగా మీకు దొరికేది రోజుకు నాలుగు గంటలు. గది పెద్దదైనంత మాత్రాన గంటలు పెరగవు. ధర విషయంలోనూ మీరు పోటీ పడలేని చోట్లున్నాయి. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో గాజును కొలిమిలోంచి సన్నటి గొట్టాలుగా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పాత విద్య ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌పూర్ ఊరంతా పూసల మీదే బతుకుతుంది. అలా రాశిగా తయారైనవి తూకానికి అమ్ముడుపోతాయి. మీరు కడ్డీ కరిగించి ఒక్కొక్క పూసా తీగ మీద చుడతారు, దాని మీద పువ్వు వేస్తారు. కాబట్టి మీకు డబ్బు వచ్చేది సంఖ్య వల్ల కాదు, ఒక్కో పూస ధర వల్ల. ఆ ధర నిలబడాలంటే పూస పగలకూడదు.

పోయిన ఏడాది పగిలి తిరిగొచ్చిన సరుకుకు రూ.9,000 పోయిందని మీరే రాశారు. మంట మీంచి తీసిన పూసను వర్మిక్యులైట్ అనే ఖనిజపు పొడిలో దాచి చల్లారుస్తున్నారు. పైన చల్లబడి లోపల వేడిగా ఉన్న గాజులో ఒత్తిడి మిగిలిపోతుంది. వారానికో నెలకో, కొన్నవారి మెడలోనే అది చిట్లుతుంది. మీరు వాడే మెత్తని గాజును కిల్న్‌లో, అంటే కరెంటు కొలిమిలో, 500 డిగ్రీల పైచిలుకు వేడి దగ్గర కాసేపు ఉంచి, గంటల తరబడి మెల్లగా దించాలి. అది చేసే కిల్న్ మీ కొటేషన్‌లో రూ.1,10,000 ఉంది. మొత్తం జాబితాలో వెంటనే డబ్బు తెచ్చేది అదొక్కటే. రేపు ఈ పని వద్దనుకున్నా దాన్ని సగం ధరకైనా అమ్ముకోవచ్చు. గోడలకూ టైల్స్‌కూ పెట్టింది అలా తిరిగి రాదు.

ఇక షెడ్డు. స్థలం మామగారిది. మీవారికి ఒక అన్నగారు, ఒక చెల్లెలు ఉన్నారని రాశారు. అది మామగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే ఆయన తర్వాత అత్తగారితో సహా అందరికీ సమాన వాటాలు వస్తాయి. అప్పుడు మీ రూ.3,80,000 షెడ్డు కూడా నాలుగు వాటాల్లో కలిసిపోతుంది. ఇంట్లో ఎంత మంచివాళ్లున్నా, ఈ మాట ఇప్పుడు అడగడం తేలిక, తర్వాత కష్టం. మామగారి దగ్గర నామమాత్రపు అద్దెకు ఒప్పంద పత్రం, ఆయన నిరభ్యంతర పత్రం రాయించుకోండి. ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్) నమోదుకు, విడిగా కరెంటు మీటరుకు ఆ కాగితాలు పనికొస్తాయి.

కొటేషన్‌లో కొత్త పైకప్పుకు రూ.1,10,000, గోడలు, పీవీసీ సీలింగుకు రూ.80,000, టైల్స్‌కు రూ.60,000, అద్దాల కిటికీ, సోఫాకు రూ.70,000, వైరింగు, ఎగ్జాస్టుకు రూ.60,000 ఉన్నాయి. ఈ చివరిది తప్ప మిగతావి కొట్టేయండి. మంట పెట్టే గదిలో నెత్తిన ప్లాస్టిక్ సీలింగు వేయమన్నది ఎవరో కానీ, వారిని ఇంకేదీ అడగకండి. ఎర్రగా కాలిన గాజు కిందపడితే సిమెంటు నేలే నయం. కొనేవాళ్లంతా ఫోన్లో చూసి కొంటుంటే సోఫా ఎవరికి? రేకుల చిల్లులు పూడ్చి, పైన తెల్ల కూల్‌రూఫ్ పెయింటు వేసి, నేల సిమెంటు చేయిస్తే రూ.40,000లో అయిపోతుంది. ఎగ్జాస్టులో మాత్రం పైసా తగ్గించొద్దు. ఆ పొగ పీల్చేది మీరే.

ఈ లెక్కన ఇప్పుడు కావాల్సింది కిల్న్ రూ.1,10,000, వైరింగు, ఎగ్జాస్టు రూ.60,000, షెడ్డు బాగుకు రూ.40,000, మొత్తం రూ.2,10,000. ఎఫ్‌డీలోంచి తీస్తే ఇంకా రూ.2,90,000 ఉంటుంది. మీ నెల ఖర్చు రూ.51,000 కాబట్టి అయిదు నెలలకు పైగా గడుస్తుంది. అంతకంటే కిందకు దిగొద్దు. గడువుకు ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కొంత కోస్తుంది, కానీ ఆ కోత తాకట్టు వడ్డీలో చిన్న ముక్క. కొత్త టార్చ్ రూ.45,000, గాలిలోంచి ఆక్సిజన్ తీసి మంటకు అందించే కాన్సంట్రేటర్ రూ.55,000, కొత్త గాజు రూ.20,000 ఆరు నెలలు ఆగొచ్చు.

అప్పు వద్దన్న మాటకు ఒక్క మినహాయింపు ఉంది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అదే పీఎంఈజీపీ, గ్రామాల్లో మహిళలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఇస్తుంది, సొంత వాటా 5 శాతమే, మిగతాది బ్యాంకు అప్పు. ఇప్పుడు కావాల్సినవీ, ఆరు నెలలు ఆగొచ్చన్నవీ కలిపి మొత్తం రూ.3,30,000 ప్రాజెక్టుగా పెడితే సబ్సిడీ రూ.1,15,500. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. పథకాన్ని 2025-26 వరకు ఆమోదించారు కాబట్టి కొనసాగింపు సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. కొత్త యూనిట్లకే ఇస్తారు, అందుకని ఏదీ కొనక ముందే వెళ్లండి. రెండు నెలల్లో తేలకపోతే దాన్ని వదిలేసి ఎఫ్‌డీతో కిల్న్ కొనేయండి. చేతివృత్తుల వారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం గురించి కూడా అడిగారు, అందులోని 18 వృత్తుల్లో గాజు పూసలు లేవు. ఆరు నెలల తర్వాత టార్చ్‌కు అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ అనే విభాగం కింద హామీ లేకుండా అడగొచ్చు. లక్షకు 11 శాతంతో మూడేళ్ల కిస్తీ సుమారు రూ.3,300. కిల్న్ వచ్చాక పూసల మీద నెల మిగులు రూ.8,000 దాటితేనే అది తీసుకోండి.

వంటింటి ఎర్ర గ్యాస్ బండతో వ్యాపారం చేయకూడదు, 19 కిలోల వాణిజ్య బండ తీసుకోవాలి. మీరు వాడేది వంటింటి బండే కాబట్టే మీ ఖర్చుల్లో గ్యాస్ అంత తక్కువుందని అర్థమైంది, వాణిజ్య బండ ధరతో లెక్క మళ్లీ వేయండి. ఇంటి కరెంటు మీటరు మీద కిల్న్ నడుపుతూ అమ్మకాలు చేస్తే, తనిఖీలో విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ వేయగలరు. ఇంటి బీమా కూడా వ్యాపారపు షెడ్డులో జరిగే అగ్నిప్రమాదానికి వర్తిస్తుందనుకోకండి. చిన్న యూనిట్లకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది, దాని ప్రీమియం అడిగి చూడండి. వేరే రాష్ట్రాలకు పంపుతున్నారు కాబట్టి జీఎస్టీ నమోదు అవసరమా, హస్తకళల సడలింపు మీకు వర్తిస్తుందా అన్నది ఆడిటర్‌తో ఒక్కసారి కూర్చుని తేల్చుకోండి.

పూసలు చేయడం నేర్పే క్లాసులు పెట్టాలని కూడా రాశారు, ఆ ఆలోచన నాకు నచ్చింది. మీ గంటలకు పూసల కంటే ఎక్కువ ధర పలికేది అదే. అయితే దానికి రెండో టార్చ్, రెండో కుర్చీ, మరో జత రక్షణ కళ్లద్దాలు చాలు. ముందుగా ఫీజు కట్టే నలుగురిని పోగు చేయండి. వాళ్లు దొరికాక టైల్స్ గురించి నాకు మళ్లీ రాయండి.