భూకంపం అగ్నిపర్వతాన్ని లేపుతుందా?

ప్రశ్న: 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద పెను భూకంపం వచ్చింది. అయిదు నెలలకే అండమాన్‌లోని బ్యారెన్ దీవి అగ్నిపర్వతం లావా చిమ్మింది. భూకంపాలు అగ్నిపర్వతాలను లేపుతాయా, లేక అగ్నిపర్వతాల వల్లే భూకంపాలు వస్తాయా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రెండూ జరుగుతాయి. అయితే భూకంపం ఎంత పెద్దదన్న ప్రశ్న కంటే, అది వచ్చేనాటికి ఆ కొండ ఏ స్థితిలో ఉందన్న ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం. పండి తొడిమ సడలిన కాయ చిరుగాలికే రాలిపోతుంది, పచ్చికాయ గాలివానకు కూడా నిలుస్తుంది.

అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఇందుకు మంచి ఉదాహరణ. 1980 మార్చి 20న 4.2 తీవ్రత గల భూకంపంతో అక్కడ అలజడి మొదలైంది. లోపలినుంచి ఎగదన్నుకొచ్చిన శిలాద్రవం పైకి దారి దొరకక ఉత్తరపు వాలు కిందే చేరడంతో, ఆ వాలు రోజుకు దాదాపు రెండు మీటర్ల చొప్పున బయటికి ఉబ్బుతూ, మే నెల మధ్యకు వంద మీటర్లకు పైగా ముందుకు వచ్చింది. ఆ రెండు నెలల్లో వేలకొద్దీ చిన్నా పెద్దా ప్రకంపనలు వచ్చినా కొండ నిలబడే ఉంది. మే 18 ఉదయం 8 గంటల 32 నిమిషాలకు వచ్చిన 5.1 తీవ్రత భూకంపానికి మాత్రం ఉత్తరపు పక్క మొత్తం జారిపోయింది. సుమారు రెండున్నర ఘన కిలోమీటర్ల రాయి, మన్ను కిందికి దిగిపోగానే, లోపల అణగి ఉన్న శిలాద్రవం మీది బరువు ఒక్కసారిగా తొలగి, అది పక్కవైపుకు పేలింది. 57 మంది ప్రాణాలు పోయాయి. ఆ పాటి భూకంపానికి మామూలు కొండ కూలదు. కూలడానికి కావలసినదంతా అంతకుముందే ఆ ఉబ్బు సిద్ధం చేసి పెట్టింది.

హవాయిలోని కిలావియా అగ్నిపర్వతం వద్ద కథ ఇంకా చిక్కైనది. ఆ పర్వతపు దక్షిణ భాగం, అది కూర్చున్న పాత సముద్రగర్భం మీదుగా, ఏటా కొన్ని సెంటీమీటర్లు సముద్రం వైపు జరుగుతూనే ఉంటుంది. 1975 నవంబరులో ఒక్కసారిగా జరిగినప్పుడు 7.7 తీవ్రత భూకంపం వచ్చి, తీరంలో కొంత భాగం మూడున్నర మీటర్లు కుంగి, సునామీ లేచి ఇద్దరు మరణించారు. 2018లో శిలాద్రవం తూర్పు చీలిక మండలంలోకి (పర్వతం తూర్పు పక్కన నేల పగిలి లావా వచ్చే పట్టీలోకి) దూసుకుపోయి ఆ దక్షిణ భాగాన్ని నెట్టింది; మే 3న ఇళ్ల మధ్య నేల చీలి లావా పైకి వచ్చింది, మరునాడే 6.9 తీవ్రతతో భూమి కంపించింది. ఆ తరువాత శిఖరం కింది శిలాద్రవం ఖాళీ అవుతున్నకొద్దీ శిఖరంలోని బిలం అంచెలంచెలుగా కూలుతూ, కూలిన ప్రతిసారీ దాదాపు 5 తీవ్రత ప్రకంపనను పుట్టించింది. ఆగస్టు మొదటి వారం వరకు అలాంటివి అరవైకి పైగా నమోదయ్యాయి. ఇక్కడ ఎవరు కారణం, ఎవరు ఫలితం అని గీత గీయడం సాధ్యం కాదు.

బ్యారెన్ దీవి విషయంలో తొందరపడి తీర్మానించకూడదు. అంత పెద్ద భూకంపం భూమిలోని ఒత్తిళ్లను మార్చిందన్న మాట నిజమే. కానీ ఆ అగ్నిపర్వతం 1991లోనూ, 1994–95లోనూ అలాంటి భూకంపమేదీ లేకుండానే లావా చిమ్మింది. ఒక్క సంఘటనతో కారణాన్ని రుజువు చేయలేము.

ప్రశ్న: కొండ ఉబ్బడం, జారడం శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది? తెలిస్తే 2018లో ఇండోనేషియాలో అంతమంది ఎందుకు చనిపోయారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నేల వంపును కొలిచే పరికరాలు, జీపీఎస్ కేంద్రాలు, ఉపగ్రహ రాడార్ – ఈ మూడింటి ద్వారా తెలుస్తుంది. రాడార్ తరంగం నేలను తాకి తిరిగివస్తుంది. ఒకే చోటిని వేర్వేరు రోజుల్లో ఒకే కోణంలో తీసిన రెండు చిత్రాల తరంగ దశలను (తిరిగివచ్చిన తరంగం ఎగుడుదిగుళ్లలో ఏ చోట ఉందన్నదాన్ని) పోల్చితే, ఆ మధ్యకాలంలో నేల ఉపగ్రహానికి ఎంత దగ్గరైందో, ఎంత దూరమైందో సెంటీమీటర్ల లెక్కన బయటపడుతుంది.

2018 డిసెంబరు 22న ఇండోనేషియాలోని అనాక్ క్రకటోవా అగ్నిపర్వతం నైరుతి పక్క సముద్రంలోకి కూలి, 338 మీటర్ల ఎత్తున్న కొండ సుమారు 110 మీటర్లకు పడిపోయింది. సునామీలో నాలుగు వందల మందికి పైగా బలయ్యారు. అక్కడి హెచ్చరిక వ్యవస్థ పెద్ద భూకంపాన్ని గుర్తించి మోగేలా ఏర్పాటైనది. ఆ రాత్రి అలాంటి భూకంపం రాలేదు కాబట్టి తీరంలోని వారికి ముందుగా ఏ హెచ్చరికా అందలేదు. కొండ నైరుతి పక్క అంతకుముందు నెలల తరబడి జారుతోందని పాత రాడార్ చిత్రాలలో తరువాత కనిపించింది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే: సమాచారం ఉంది, దాన్ని వేళకు చూసి హెచ్చరికగా మార్చే ఏర్పాటు లేదు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, నాసా–ఇస్రోల ఉమ్మడి రాడార్ ఉపగ్రహమైన నిసార్ ఈ పనికి ఎంతో తోడ్పడుతుంది. నాసా ఇచ్చిన ఎల్-బ్యాండ్ రాడార్ సుమారు 24 సెంటీమీటర్ల తరంగాలతో పనిచేస్తుంది కాబట్టి, చెట్లు కమ్మిన వాలుల మీద కూడా నేల కదలికను పట్టగలదు; ఇస్రో రూపొందించిన ఎస్-బ్యాండ్ రాడార్ దానికి తోడుగా ఉంది. మనుషులు నివసించని బ్యారెన్ దీవి వంటి చోట్ల పరిశీలనకు ఇది పెద్ద ఆసరా. కానీ నిసార్ ఒకే కోణం నుంచి అదే నేలను 12 రోజులకొకసారి చూస్తుంది, సెయింట్ హెలెన్స్ అయితే ఆ వ్యవధిలో ఇరవై మీటర్లకు పైగా ఉబ్బేది. అందుకే వాలు మీద ప్రతి నిమిషం కొలిచే పరికరాలనూ, వాటిని రాత్రింబవళ్లు గమనించే సిబ్బందినీ ఉపగ్రహం భర్తీ చేయలేదు.