ఆరు నెలల్లో కిలో తూగే ‘హైబ్రిడ్ మార్పు’ చేపలు వేయవచ్చా?

ప్రశ్న: గుమ్మిడిపూండి దగ్గర మాకు 20 సెంట్ల గుంట ఉంది. మార్పు చేపలు పెంచాలనుకుంటున్నాం. చెన్నై ఏజెంటు ఒకరు ‘హైబ్రిడ్ మార్పు’ పిల్లలు ఇస్తానంటున్నారు. ఆరు నెలల్లో కిలో తూగుతాయట, బిల్లు మీద ‘క్లారియస్’ అని రాసిస్తారట. నాటు మార్పు, ఇది ఒకటేనా?
– రైతు, తిరువళ్లూరు జిల్లా

జవాబు: ఒకటి కాదు, వేయకండి. క్లారియస్ అనేది ప్రజాతి పేరు, మన ఇంటిపేరు లాంటిది. ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ ఆ ఇంటిపేరుతో పదుల జాతులున్నాయి. కాబట్టి బిల్లులో రెండో పేరు కూడా ఉండాలి. మన నాటు మార్పు క్లారియస్ మాగుర్. పాత పుస్తకాల్లో దీన్నే బట్రాకస్ అని రాశారు. అసలు బట్రాకస్ జావా దీవి చేప అని తేలాక పేరు మారింది. ఆ పాత పేరు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. గారిపైనస్ అని ఉంటే మాత్రం అది ఆఫ్రికా మార్పు. దాన్ని పెంచకూడదని కేంద్రం 1997లోనే ఆదేశించింది. హైబ్రిడ్ అన్నా అందులో ఆ రక్తం ఉన్నట్టే.

నాటు మార్పు బాగా మేపినా ఏడెనిమిది నెలలకు 100–150 గ్రాములే వస్తుంది. ఏజెంటు చెప్పిన కిలో లెక్కే గుట్టు విప్పుతోంది.

పిల్లల్లో తేడా కంటికి దొరకదు. హేచరీకి వెళ్లి తల్లిచేపలు చూపించమనండి. ఆఫ్రికా మార్పు తల పైభాగం గరుకుగా ఉంటుంది, తల కింద రెండు వైపులా నల్లటి పట్టీలు కనిపిస్తాయి. తల్లిచేప కిలో దాటితే అది ఆఫ్రికాదే, ఇక చూడాల్సిందేమీ లేదు. వీపు రెక్క పొట్టిగా ఉంటే అది ఇంగిలాయి, వేరే ప్రజాతి. దాని ముల్లు విషపుది, చేత్తో పట్టకండి.

మీ ప్రాంతంలో ఆఫ్రికా మార్పు మరీ ప్రమాదం. ఈశాన్య రుతుపవనాలకు గుంట పొర్లితే ఈ చేపలు తడినేల మీద పాకి కాలువల్లో పడతాయి. ఆరణి నదిలోకి చేరితే చిన్నచేపల్నీ కప్పల్నీ తినేస్తాయి.

నాటు పిల్లలు దొరికితే చదరపు మీటరుకు మూడు చొప్పున మీ గుంటకు 2,400 చాలు. నీరు మూడు నాలుగు అడుగులు మించనివ్వకండి. మార్పు గాలి పీల్చడానికి పైకి వస్తూ ఉంటుంది. లోతు ఎక్కువైతే తిన్న మేత ఆ ఈతకే ఖర్చవుతుంది. గట్టు మీద రెండడుగుల వలదడి కట్టి, పైఅంచు లోపలికి వంచండి. 30 శాతం మాంసకృత్తులున్న మేత సాయంత్రం పూట వేయండి. పదిహేను రోజులకోసారి సైజులవారీగా వేరుచేయకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి.

ఆఫ్రికా పిల్లలు ఇప్పటికే వేసి ఉంటే నీళ్లు తోడినంత మాత్రాన చావవు, బురదలో దూరి బతుకుతాయి. తూముకు సన్నకళ్ల వల కట్టి నీరు తీయండి, దొరికినవన్నీ ఏరి పూడ్చండి. తడి బురద మీద సెంటుకు 4 కిలోల కాల్చిన సున్నం చల్లి, నేల నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టండి.