టెక్ సందేహాలు: ముందు ఓడను ఆపడం నేర్చుకోండి

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. సెలవుల్లో ఆడదామని ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష ఓడల గేమ్ కొన్నాను. ట్రైనింగ్ మిషన్లు ఎలాగో గట్టెక్కాయి. ఆ తర్వాతే తంటా. స్టేషన్‌లోకి పోబోతే గోడకు గుద్దుకుంటున్నా, గ్రహం దగ్గర ఆగబోతే దాటి అవతలికి పోతున్నా, ఎవరైనా వెంటపడితే నిమిషంలో ఓడ పేలిపోతోంది. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, సెలవులు మొదలైతే చాలు, ఇదే గోడు నా మెయిల్‌బాక్స్‌లో వరుస కడుతుంది. ఇంతమందికి ఒకే చోట దెబ్బ తగులుతోందంటే తప్పు మీ చేతిది మాత్రమే కాదు. పాలపుంతను అసలు సైజులో పెట్టి, సుమారు 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు ముందర పరిచి, ఇక నీ ఇష్టం అని వదిలేసే ఆట ఇది. దీని ముత్తాత 1984లో వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ దాన్ని 32 కిలోబైట్ల మెమరీ ఉన్న బీబీసీ మైక్రోలో ఇరికించారు. అయినా ఆట డబ్బాలో చదువుకోడానికి ఒక పుస్తకం పెట్టి ఇచ్చారు. ఇప్పుడు గిగాబైట్లకు గిగాబైట్లు దించుకున్నాక కూడా ఏ మీట దేనికో తెలియాలంటే యూట్యూబే దిక్కు.

గ్రాఫిక్స్ ఎంత తగ్గించాలి, ఇన్‌స్టాల్ ఎలా చేయాలి అన్నవి మీకు చెప్పక్కర్లేదు. మొట్టమొదట మెనూలో అందరితో కలిసి ఆడే ఓపెన్ ప్లే వదిలేసి, ఒంటరిగా ఆడే సోలో ఎంచుకోండి. గెలాక్సీ అదే, డబ్బు అదే, మిషన్లూ అవే. కొత్తవాళ్లను వేటాడి సరదా పడే మనుషులు మాత్రం అక్కడికి రారు. సోలోలో ఆడితే పరువు పోతుందని ఎవడైనా అంటే వాడిని ఆడుకోనివ్వండి.

ఇక మీరు పోరాటం గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నాకు కనిపించింది బ్రేకుల సమస్య. నిజమైన అంతరిక్షంలో గాలి లేదు, ఇంజను ఆపినా ఓడ ఆగదు. ఈ ఆటలో ఫ్లైట్ అసిస్ట్ అనే సదుపాయం మనం అడగకుండానే ఎదురు థ్రస్టర్లు, అంటే ఓడను నెట్టే చిన్న ఇంజన్లు, పేల్చి ఓడను ఆపుతుంది, తిరిగిన వైపే పోయేలా సరిచేస్తుంది. డిఫాల్ట్‌గా జెడ్ మీట నొక్కితే అది ఆగిపోతుంది. ఏదో వీడియోలో చూసి చాలామంది రెండో రోజే దాన్ని ఆపేసి, మంచు మీద జారినట్టు జారుతూ నాకు మెయిల్ పెడుతున్నారు. దాని జోలికి ఇప్పుడే పోవద్దు. మీకు కావాల్సిన మీట ఎక్స్. నొక్కితే వేగం సున్నా. కంగారు పుట్టినప్పుడల్లా వేలు దాని మీదికి పోయేలా అలవాటు చేసుకోండి.

స్టేషన్ సంగతి. 7.5 కిలోమీటర్ల లోపలికి వచ్చాక ఎడమ ప్యానెల్‌లో కాంటాక్ట్స్ తెరిచి డాకింగ్ అనుమతి, అంటే లోపల ఓడ దింపడానికి అనుమతి, అడగాలి. అనుమతి లేకుండా లోపలికి దూరితే జరిమానా, ఇంకా మొండికేస్తే స్టేషనే కాలుస్తుంది. ద్వారం దగ్గర పచ్చ లైట్లు మీ కుడివైపు ఉండాలి. వేగం సెకనుకు 100 మీటర్లు దాటనివ్వకండి. అనుమతి దొరికాక 10 నిమిషాల టైముంటుంది, అది చాలా ఎక్కువ. టెన్షన్ పడేది టైము చూసి కాదు, వెనక పెద్ద ఓడ వస్తోందని. రానివ్వండి, పక్కకు జరిగి ఆగండి. ల్యాండింగ్ గేర్ వేయడం మరిచిపోయి ప్యాడ్ మీద తబలా వాయించే వాళ్లే సగం మంది. మీట ఎల్. తనంతట తానే దింపే డాకింగ్ కంప్యూటర్ కూడా ఉంది. చేత్తో దింపడం వచ్చాకే వాడమంటాను. అది పాడైన రోజు, దాన్ని పీకి ఆ స్థలంలో సరుకు పెట్టుకున్న రోజు మళ్లీ మొదటికొస్తారు.

గ్రహాన్ని దాటిపోవడానికి కారణం ఒక్కటే, చివరిదాకా ఫుల్ థ్రాటిల్. సూపర్‌క్రూజ్‌లో, అంటే ఒకే నక్షత్ర వ్యవస్థ లోపల అతివేగంగా పోయే పద్ధతిలో, గమ్యం పక్కన ఇంకెంత సేపు పడుతుందో చూపిస్తుంది. అది 7 సెకన్లకు రాగానే థ్రాటిల్‌ను 75 శాతానికి, అంటే నీలం పట్టీ పై అంచుకు తేవాలి. ఆ తర్వాత అది 7 దగ్గరే నిలబడి ఓడ దానంతట అది మెత్తగా దిగుతుంది. 5 సెకన్లకు పడనిచ్చారో, ఇక ఎంత తొక్కినా ఆగదు. ఆ నీలం పట్టీ మామూలు ప్రయాణంలోనూ పనికొస్తుంది. ఓడ అన్నిటికంటే చురుగ్గా తిరిగేది వేగం అందులో ఉన్నప్పుడే. ఫుల్ స్పీడులో మలుపు తిప్పి, "నా ఓడ బరువుగా ఉంది" అని రాసేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి. ఇంకో సంగతి, పక్కకు తిరగడం ఈ ఓడల్లో కావాలనే మందంగా పెట్టారు. శత్రువు పక్కన ఉంటే ఓడను దొర్లించి వాడిని నెత్తి మీదికి తెచ్చుకుని, ముక్కు పైకి లాగాలి. విమానంలా.

పోరాటం. ఎవరో గుంజి సూపర్‌క్రూజ్ నుంచి బయటికి లాగుతున్నప్పుడు మొదట్లో పెనుగులాడకండి. ఎక్స్ నొక్కి లొంగిపోండి. పెనుగులాడి ఓడితే ఓడ గిరగిరా తిరుగుతుంది, దెబ్బ తగులుతుంది, మళ్లీ దూకడానికి డ్రైవ్ చల్లబడేదాకా చాలాసేపు ఆగాలి. లొంగిపోతే ఆ నిరీక్షణ కొద్ది సెకన్లే. బయట పడగానే పై బాణం మీటను వరుసగా నొక్కి కరెంటంతా ఇంజన్లకు ఇవ్వండి, ట్యాబ్‌తో బూస్ట్ కొట్టండి, ఇంకో నక్షత్రాన్ని ఎంచుకుని దూకేయండి. పక్కన పెద్ద ఓడ ఉంటే అదే వ్యవస్థలోని సూపర్‌క్రూజ్‌లోకి పోవడం ఆలస్యమవుతుంది, వేరే నక్షత్రానికి దూకడాన్ని మాత్రం అది ఆపలేదు. ఈ చిన్న తేడా తెలియక పోగొట్టుకున్న ఓడలెన్నో.

బాణం మీటలు అన్నాను కదా, ఈ ఆట మర్మం అక్కడుంది. ఓడ కరెంటు మూడు చోట్లకు పోతుంది. ఎడమ బాణం షీల్డులకు, పై బాణం ఇంజన్లకు, కుడి బాణం ఆయుధాలకు. పంచుకోడానికి ఉన్నది 6 వంతులు, ఒక్కదానికి 4 దాకా పెట్టొచ్చు. దెబ్బలు తింటున్నప్పుడు ఎడమ, వెంటపడేటప్పుడు పైన, కాల్చే క్షణంలో కుడి. మొదటి వారం కింది బాణం నొక్కి సమానంగా పెట్టుకుని కూర్చునేవాడు ఓడిపోతూనే ఉంటాడు. శత్రువుకు షీల్డు ఉన్నంతసేపు లేజర్, అది పోయాక తూటాలు కాల్చే మల్టీకెనాన్. రెండూ గింబాల్ రకం తీసుకోండి, గురి కొంత అవే చూసుకుంటాయి.

ఎవరినైనా కాల్చే ముందు వాళ్లకు ఎదురుగా నిలబడి స్కాన్ పూర్తికానివ్వండి. వాంటెడ్ అని చూపిస్తేనే ట్రిగ్గర్. లేకపోతే నేరస్తులు మీరే అవుతారు. గనుల చోట్ల, అంటే రిసోర్స్ సైట్లలో, పోలీసులు ఇప్పటికే ఎవరినో కాలుస్తుంటే మీరూ రెండు తూటాలు వేయండి, బౌంటీ, అంటే వాడి తల మీదున్న బహుమతి, మీకూ వస్తుంది. హాజర్డస్ అని రాసున్న చోటికి పోవద్దు, అక్కడ పోలీసులుండరు. వచ్చిన బౌంటీ స్టేషన్‌లో మార్చుకునేదాకా మీది కాదు, దారిలో పేలిపోతే అంతా పోతుంది. కొత్త ఓడ కొన్నప్పుడు దానికి బిగించిన భాగాలతో కలిపి మొత్తం ధరలో 5 శాతం ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి, పేలిపోతే తిరిగి ఇప్పించుకునే ఇన్సూరెన్స్ అదే. మొదటి ఓడ సైడ్‌విండర్ మాత్రం ఎన్నిసార్లు పోగొట్టినా ఉచితం, కాబట్టి దాన్ని చితక్కొట్టుకుంటూ నేర్చుకోండి. దారిలో ఇంధనం ఐపోతే ఆక్సిజన్ గడియారం కనిపించగానే మెయిన్ మెనూకు వచ్చేసి ఫ్యూయల్ ర్యాట్స్‌ను పిలవండి. ఎక్కడున్నా వచ్చి ఉచితంగా పోసిపోయే ఆటగాళ్ల బృందం అది.

ప్రశ్న: కడపలో నాకు ఎరువుల షాపుంది. ఇంటర్ చదివే మా అబ్బాయి ఇట్లాంటి అంతరిక్షం గేమే ఆడుతాడు. గేమ్‌లో డబ్బులు ఉచితంగా పెంచే సాఫ్ట్‌వేర్ అని ఎవరో లింకు పంపితే, యాంటీవైరస్ ఆపి పెట్టుకున్నాడంట. రెండు రోజుల తర్వాత మా మెయిల్ నుంచి, వాడి ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఎవరెవరికో మెసేజీలు పోతున్నాయి. ఓటీపీ కూడా ఎవరూ అడగలేదు. ఇదెట్లా సాధ్యం? జీఎస్టీ రిటర్నులు వేసేదీ అదే కంప్యూటర్‌లో.

జవాబు: అయ్యా, మీ చివరి వాక్యం చదివాకే నాకు భయమేసింది. ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. అందులోంచి ఏ పాస్‌వర్డూ మార్చొద్దు. వేరే ఫోన్ నుంచి మొదట మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ అనే ఆప్షన్ నొక్కండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత జీఎస్టీ లాగిన్, ఆఖర్న ఇన్‌స్టాగ్రామ్. ఖాతాలోంచి రూపాయి పోయినట్టు కనిపించినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

ఓటీపీ లేకుండా ఎలాగంటే, బ్రౌజర్‌లో ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతిసారీ అడగకుండా ఉండటానికి కుకీ అనే చిన్న ఫైలు మిగులుతుంది. ఇలాంటి దొంగ సాఫ్ట్‌వేర్ మొదట ఎత్తుకుపోయేది దాన్నే, దాంతో పాటు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ. ఆ కుకీ వాళ్ల కంప్యూటర్‌లో పెట్టుకుంటే అవతలి వెబ్‌సైటుకు వాళ్లే మీరు. ఓటీపీ దశ ఎప్పుడో దాటిపోయింది కదా, మళ్లీ ఎందుకు అడుగుతుంది? అందుకే పాస్‌వర్డ్ మార్చడంతో సరిపెట్టకుండా సైన్ అవుట్ నొక్కమన్నాను. కంప్యూటర్‌ను స్కాన్ చేసి శుభ్రమైందని నమ్మొద్దు. బిల్లులు, ఫోటోలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని విండోస్ మళ్లీ వేయించండి. ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఒక్కటి కూడా వెంట తెచ్చుకోవద్దు.

మీ అబ్బాయిని కొట్టకండి, ఒక్క మాట అడగండి. ఇట్లాంటి ఆన్‌లైన్ గేమ్‌లో డబ్బు లెక్క ఉండేది కంపెనీ సర్వర్లో. మన ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టిన ఫైలు దాన్ని ఎట్లా పెంచుతుంది? అది ఆలోచించి ఉంటే అక్కడే ఆగిపోయేవాడు. యాంటీవైరస్ ఆపమన్న చోట మిగతాది చదవనే అక్కర్లేదు. "మా స్క్వాడ్రన్‌లో (ఆటగాళ్ల జట్టులో) చేరు, ఈ వాయిస్ సాఫ్ట్‌వేర్ పెట్టుకో" అనేది ఈ మోసానికే ఇంకో రూపం. "నేను గేమ్ తయారు చేశా, కాస్త ఆడి చెప్పు" అని స్నేహితుడి ఖాతా నుంచే వచ్చేది ఇంకొకటి. ఆ స్నేహితుడి ఖాతా అప్పటికే పోయి ఉంటుంది.

ఆటగాళ్లు తయారు చేసిన మంచి సాఫ్ట్‌వేర్లు లేవని కాదు. ఎలైట్ లాంటి ఆట మీరేం చేశారో జర్నల్ అనే ఫైళ్లలో రాసుకుంటూ పోతుంది. వ్యాపార దారులు చూపించే మంచి టూల్స్ వాటిని చదువుకుంటే చాలు. గేమ్ పాస్‌వర్డ్‌ను తన సొంత కిటికీలో టైప్ చేయమనేది మంచిది కాదు. బ్రౌజర్‌లో గేమ్ కంపెనీ అసలు పేజీ తెరిచి అక్కడ లాగిన్ అవమంటే, అడ్రసు చూసుకుని అవండి.

ఇకమీదట అబ్బాయికి విండోస్‌లో వేరే ఖాతా తీసి, అడ్మిన్ హక్కులు ఇవ్వకండి. అప్పుడు మీ ఖాతాలోని బ్రౌజర్ దాకా పోవడం దేనికీ అంత తేలిక కాదు. నన్నడిగితే కొత్త కంప్యూటర్ పెట్టెలోంచి తీయగానే మొదటి ఖాతాకే అడ్మిన్ హక్కులిచ్చి, ఇంటిల్లిపాదీ అందులోనే కూర్చునేలా అమ్మడమే అసలు పాపం. తర్వాత ప్రతి చిన్నదానికీ ఎస్ నొక్కమని కిటికీలు తెరుస్తారు. వందసార్లు ఎస్ నొక్కిన పిల్లవాడు నూట ఒకటోసారి ఆగి చదువుతాడా? చదవడు.

ప్రశ్న: కర్నూలులో ఉంటాను. అదే ఎలైట్ కోసం జాయ్‌స్టిక్ కొన్నాను. కరెంటు పోయినప్పుడు గేమ్ తెరిస్తే నేను పెట్టుకున్న మీటలన్నీ ఎగిరిపోతున్నాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, రౌటర్ చిన్న యూపీఎస్ మీద బాగానే నడుస్తున్నాయి. జాయ్‌స్టిక్ పాడైందా?

జవాబు: జాయ్‌స్టిక్ ఏ హబ్‌కు తగిలించారో చూడండి. విడిగా అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ అయితే కరెంటుతో పాటు అదీ పోతుంది. సెట్టింగుల్లో ఉన్న పరికరం కనిపించకపోతే ఆట మీ సెట్టింగులను పక్కనపెట్టి డిఫాల్ట్ వేస్తుంది. ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు కదా, "జాయ్‌స్టిక్ కనిపించడం లేదు" అని? చెప్పదు. ఆట మూసి, జాయ్‌స్టిక్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి మళ్లీ తెరిస్తే మామూలుగా తిరిగొస్తాయి. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, లోకల్ దారిలో వెళ్తే గేమ్ కంపెనీ ఫోల్డర్ ఉంటుంది. అందులోని ఆప్షన్స్‌లో బైండింగ్స్ అనే ఫోల్డర్ దొరుకుతుంది, మీ మీటల సెట్టింగులుండేది అందులోనే. దాన్ని మొత్తంగా కాపీ చేసి ఇంకోచోట పెట్టుకోండి, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ. మళ్లీ కొనేటప్పుడు కదలికను అయస్కాంతంతో కొలిచే హాల్ సెన్సర్ ఉన్నది చూడండి. ఆ సెన్సర్లో రాపిడి ఉండదు, మన దుమ్ముకు ఎక్కువ రోజులు తట్టుకుంటుంది.