ఎర్ర సిరా ఎవరిది?
చైనా ప్రాచీన వైద్య గ్రంథాల మీద రాస్తున్న ఒక యువ రచయిత్రికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, ఆ విషయంలో నాకు బెంగ లేదు. మొదటి పేరాలోనే ‘ఐదు వేల ఏళ్ల నాటి చైనా వైద్య రహస్యాలు’ అని రాశావు చూడు, పేచీ అక్కడే. అందరూ రాస్తున్నారని నువ్వూ రాసి ఉంటావు. నువ్వు ఉదాహరణగా తీసుకున్న హువాంగ్‌డి నెయ్‌జింగ్ అనే వైద్య గ్రంథం అంత పాతది కాదు. అందులో హువాంగ్‌డి, అంటే పసుపు చక్రవర్తి, ప్రశ్నలు అడుగుతుంటాడు, ఛీ బో లాంటి వాళ్లు జవాబులు చెబుతుంటారు. సూతుడు చెబుతుంటే శౌనకాది మునులు విన్నట్టు మన పురాణాలు నడవవూ, అలాగే. ఆ చక్రవర్తి పురాణ పురుషుడు. అందులోని రచనలు చాలావరకు క్రీస్తుపూర్వం రెండు, ఒకటో శతాబ్దాల ప్రాంతానివని పండితుల అంచనా. రెండు వేల ఏళ్లు తక్కువేమీ కాదు కదా, దానికి ఇంకో మూడు వేలు కలపడం దేనికి?

అసలు కథ ఆ పుస్తకం వయసులో లేదు, మన దాకా వచ్చిన దారిలో ఉంది. నీ వ్యాసంలో లేనిదీ అదే.

నెయ్‌జింగ్‌లో సు వెన్, లింగ్ షు అని రెండు భాగాలు, ఒక్కోదానికి 81 అధ్యాయాలు. ఈ రోజు మనం చదివే సు వెన్ 762లో వాంగ్ బింగ్ అనే ఆయన సరిచేసిన ప్రతి నుంచి వచ్చింది. అప్పటికే ఒక సంపుటం పోయింది. తన గురువు దగ్గర దాచి ఉంచిన ప్రతి దొరికిందని చెప్పి ఆయన ఏడు పెద్ద అధ్యాయాలు చేర్చాడు. సోంగ్ రాజుల కాలంలో, 1057లో, వైద్య గ్రంథాలను పరిష్కరించడానికి ప్రభుత్వం ఒక కార్యాలయం పెట్టింది. అక్కడి పండితుడు లిన్ యీ, ఆయన సహచరులు ఆ ఏడు అధ్యాయాలను చూసి, ఇవి సు వెన్‌వి కావేమో, వేరే పుస్తకంలోవి తెచ్చి కలిపారేమో అని అనుమానపడ్డారు. ఆ మాట దాచుకోకుండా నోట్‌గా రాసిపెట్టారు కూడా. ఇంకో రెండు అధ్యాయాలకైతే పేర్లే మిగిలాయి, పాఠం లేదు.

నాకు ఇందులో బాగా నచ్చేది సిరా సంగతి. తాను చేర్చిన అక్షరాలన్నీ ఎర్ర సిరాతో రాశానని వాంగ్ బింగ్ ముందుమాటలో చెప్పుకున్నాడు. పాతది ఏదో, తనది ఏదో పాఠకుడికి తెలియాలని ఆయన తాపత్రయం. తర్వాత అచ్చుల్లో ఎరుపు పోయి అంతా నలుపే అయింది. వాంగ్ బింగ్‌కు రెండున్నర శతాబ్దాల ముందు, 500 ప్రాంతంలో, తావ్ హోంగ్‌జింగ్ అనే పండితుడు కూడా ఇదే పని చేశాడు. షెన్‌నోంగ్ అనే పురాణ పురుషుడి పేరుతో ఉన్న పాత మూలికల గ్రంథంలోని 365 మందులను ఎరుపులో, తాను కలిపిన మరో 365ను నలుపులో రాశాడు. సోంగ్ కాలపు అచ్చులో ఆ ఎర్ర అక్షరాల బదులు నల్ల పలక మీద తెల్ల అక్షరాలు చెక్కారు. అందుకే పోయిన ఆ మూలాన్ని తర్వాతివాళ్లు మళ్లీ కూర్చగలిగారు. నువ్వు ‘షెన్‌నోంగ్ చెప్పాడు’ అని రాసిన ప్రతి చోటా ఆగి, ఇది ఏ సిరాలోదో చూసుకో.

వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు. అది అన్యాయం! జ్వరాల మీద ఆయన రాసిన షాంగ్‌హాన్ లున్ ముందుమాట చదువు. మా వంశంలో రెండు వందల మందికి పైగా ఉండేవాళ్లం, 196 నుంచి పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండు వంతుల మంది పోయారు, ఆ పోయినవాళ్లలో పదికి ఏడుగురు ఈ జ్వరాల వల్లే అంటాడు. ఆయన రాసిన అసలు ప్రతి చెదిరిపోతే వాంగ్ షుహ అనే వైద్యుడు మూడో శతాబ్దంలో ఏర్చి కూర్చాడు, 1065లో ప్రభుత్వం అచ్చువేయించింది.

అందులో మొదటి మందు గ్వేజీ తాంగ్. దాల్చిన జాతి చెట్టు లేత కొమ్మలు, పియోనీ వేరు, అతిమధురం, అల్లం, 12 ఎండు రేగుపండ్లు. ఏడు కొలతల నీళ్లు మూడు అయ్యేదాకా కాచాలి. నువ్వు ఇక్కడితో ఆపేశావు. మిగతాదే కదా వైద్యం! మందు తాగిన కాసేపటికి వేడివేడి పల్చటి జావ తాగాలి, దుప్పటి కప్పుకోవాలి, ఒళ్లు చెమ్మగిల్లాలి గానీ చెమట నీళ్లలా కారకూడదు. ఒక మోతాదుకే తగ్గితే మిగతాది తాగక్కర్లేదు. రోగి మంచం పక్కన కూర్చున్న మనిషి మాటలివి. ‘యిన్, యాంగ్‌ల సమతుల్యత’ అని నువ్వు రాసిన అర పేజీ తీసేసి ఇది పెట్టు.

ఇక మలేరియా మందు కనిపెట్టిన తూ యూయూ గారి కథ. 2015 నోబెల్‌తో మొదలుపెట్టి, నాలుగో శతాబ్దంలో గ హోంగ్ అనే ఆయన రాసిన వైద్య పుస్తకానికి వెళ్లి, ‘ప్రాచీనులకు అంతా తెలుసు’ అని ముగించావు. చప్పట్లు పడే ముగింపే, ఒప్పుకుంటాను. కానీ గ హోంగ్ రాసింది ఇంతే: గుప్పెడు ఛింగ్‌హావ్ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగు. కాచమనలేదు. వేడికి మందు చెడుతోందేమోనన్న ఆలోచన ఆవిడకు ఆ వాక్యం దగ్గర వచ్చింది. 1971లో తక్కువ వేడిలో, ఈథర్ అనే ద్రావకంతో మందును తీసి చూశారు. ఆ తర్వాత జంతువుల మీద, తమ మీద, రోగుల మీద పరీక్షలు చేశారు. ఆ శ్రమ నీ వ్యాసంలో లేదు. గ హోంగ్ పుస్తకంలోని అదే అధ్యాయంలో, మలేరియా జ్వరం వచ్చే వేళకు కోడిపుంజును పట్టుకుని గట్టిగా అరిపించమనే చిట్కా కూడా ఉంది. దాన్నీ రాయి. అప్పుడే, ఆ గుట్టలోంచి ఒక్క వాక్యాన్ని ఏరి పరీక్షకు పెట్టడం ఎంత కష్టమో చదివేవాళ్లకు తెలుస్తుంది.

పాత గ్రంథాలను గౌరవించడమంటే తలూపడం కాదని ఆ పాత చైనా వైద్యుల్లోనే కొందరికి తెలుసు. పాదరసం చాలాకాలం వాడితే చావు ఉండదని షెన్‌నోంగ్ గ్రంథం అంటుంది. 1578లో బెన్‌త్సావ్ గాంగ్‌మూ అనే మందుల గ్రంథం పూర్తిచేసిన లీ షిజెన్, ఆ మాట నమ్మి ఎందరో అవిటివాళ్లయ్యారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు అని తిట్టిపోశాడు. ఆయన పుస్తకంలోని 1,892 మందుల లెక్క నీ వ్యాసంలో ఉంది, ఈ తిట్టు లేదు.

ఒక జాగ్రత్త. ఛింగ్‌హావ్ మన వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రికి చుట్టమని రాశావు. రెండూ ఒకే ప్రజాతి మొక్కలే, నిజమే. కానీ అది ఇది కాదని పక్కనే రాయకపోతే, జ్వరం వచ్చిన పిల్లవాడికి మాచిపత్రి రసం పట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు. మలేరియాకు రక్తపరీక్ష, డాక్టరు రాసిన మందు కావాలని ఒక్క వాక్యం చేర్చు. అది చేర్చినంత మాత్రాన నీ శైలి ఏమీ పాడవదు.

లీ షిజెన్ బాల్యం మీద రాసిన రెండు పేజీలు కొట్టేయ్. గ్వేజీ తాంగ్ భాగం పెంచు. గడువు గురించి టెన్షన్ పడకు, ఎడిటర్‌తో నేను మాట్లాడతాను. సంక్రాంతి లోపు పంపితే చాలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు