ఫోన్ ఎత్తకపోతే వదిలేసిపోతాడేమో అనే భయం: నా అనుభవం

మీరు నల్గొండ నుంచి రాశారు. పెళ్లయి రెండేళ్లు, ఆయన మంచివాడే, అయినా గంటసేపు ఫోన్ ఎత్తకపోతే వదిలేసిపోతాడేమో అనిపిస్తుంది, గొడవ పెట్టుకుని తర్వాత ఏడుస్తాను, ఇది ఎప్పటికైనా పోతుందా అని అడిగారు. చెల్లె అనుకుని చెప్తున్నా. నాకైతే పూర్తిగా పోలేదు. కానీ చాలా తగ్గింది.

మా ఆయన బస్సు కండక్టర్. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు డ్యూటీ. జడ్చర్లలో జనం తోసుకుని ఎక్కుతుంటే టికెట్లు కొట్టే మనిషి ఫోన్ ఎట్లా ఎత్తుతాడు? అది నాకూ తెలుసు. తెలిసీ ఒకరోజు పదిహేడుసార్లు చేశా. ఇంటికొచ్చాక అన్నం పెట్టి, మాట్లాడకుండా పక్కగదిలోకి పోయా. ఇంకోసారి, వెతుకుతాడా లేదా చూద్దామని నా ఫోనే స్విచాఫ్ చేసుకున్నా. పాపం, పక్కింటివాళ్లకు, మా తమ్ముడికి అందరికీ ఫోన్లు చేశాడు. ఆ సంతోషం నాకు రాత్రిదాకా కూడా నిలవలేదు. నేను వెతికిస్తేనే కదా వెతికాడు అనిపించింది.

మాది మక్తల్ దిక్కు పల్లె. అమ్మా నాయినా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణెకు బిల్డింగ్ పనికి పోయేవాళ్లు. నేను, తమ్ముడు అవ్వ దగ్గర ఉండేవాళ్లం. పోయే రోజు ఎప్పుడో మాకు చెప్పేవాళ్లు కాదు. నేను ఏడుస్తానని, నిద్రపోయాక రాత్రి బస్సుకు పోయేవాళ్లు. పొద్దున లేచి చూస్తే దండెం మీద అమ్మ చీర ఉండేది కాదు. అందుకే పీర్ల పండుగకు వాళ్లు వచ్చినన్ని రోజులూ అమ్మ కొంగు చేతికి చుట్టుకుని పడుకునేదాన్ని. తమ్ముడు దీనికి పూర్తిగా రివర్స్. అమ్మ వచ్చినా దగ్గరికి పోడు, గోలీలాడుకుంటూ ఉంటాడు. "వీడే నయం, ఏడ్వడు" అనేవాళ్లు అందరూ. ఇప్పుడు మా మరదలు నాతో చెప్పుకునే బాధ ఒకటే, మనసులో ఏముందో ఒక్క ముక్క చెప్పడని.

ఒక కౌన్సిలర్ మేడమ్ దగ్గరికి నాలుగుసార్లు పోయా. పిల్లల మనసు మీద పరిశోధన చేసిన మేరీ ఐన్స్‌వర్త్ గురించి ఆమే చెప్పింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లలను తల్లితో ఒక గదిలో ఉంచి, తల్లిని కాసేపు బయటికి పంపి చూశారట. అసలు గమనించింది తల్లి తిరిగి వచ్చాక పిల్లలు ఏం చేస్తారనేది. ఎక్కువమంది ఎత్తుకోగానే ఊరుకుని మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు కరుచుకుని ఎంతకీ ఊరుకోలేదు. కొందరు మొహం తిప్పుకున్నారు. వింటుంటే నేనూ తమ్ముడూ కనబడ్డాం. 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు, పెద్దవాళ్ల ప్రేమల్లోనూ ఇవే తీరులు ఉంటాయని రాశారు. అట్లాగని చిన్నప్పుడు పడిన తీరు జాతకంలాగా మారనిది కాదని మేడమ్ గట్టిగా చెప్పింది. నేను పట్టుకున్నది ఆ మాటనే.

ఇంట్లో చేసింది చిన్న పని. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగగానే ఒక మెసేజ్, తిరిగి బయల్దేరేటప్పుడు ఇంకోటి అని మాట్లాడుకున్నాం. మధ్యలో నేను చేయను. మొదటివారం నరకం, జొన్నరొట్టెలు ఎన్ని మాడ్చానో. పదిరోజులకు ఆయన మరిచిపోనే పోయాడు. నిజం చెప్పాలంటే అప్పుడే నాకు పని మొదలైంది. అలగలేదు. "నీకు నేనంటే లెక్కలేదు" అనే మాట నోటిదాకా వచ్చింది, మింగి "నాకు భయమైంది" అన్నా. అంతవరకు ఆయనకు నా కోపం తప్ప భయం సంగతి తెలియదట! పుణె బస్సు కథ కూడా ఆ రాత్రే చెప్పా.

ఒకటి మాత్రం చూసుకోండి. ఆయన నిజంగానే అబద్ధాలాడినా, బెదిరించినా, చెయ్యి చేసుకున్నా తప్పు మీ మనసుది కాదు, అది వేరే సంగతి. దానికి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. మనసు బాగా కుంగిపోతే టెలి మానస్ 14416కు చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పోయిన ఏడాది అమ్మను అడిగేశా, చెప్పకుండా ఎందుకు పోయేదానివి అని. అందరి అమ్మలతో ఇది కుదరదు, మీ ఇష్టం. "నువ్వు ఏడిస్తే నాకు కాలు కదలకపోతుండె బిడ్డా" అంది. ఇంకేమీ అనలేదు. కానీ మొన్న మా ఇంటికి వచ్చి, తెల్లారగట్ల నాలుగున్నర బస్సుకు పోతూ నన్ను తట్టిలేపింది. "పోతున్న, మల్ల నిద్రవో" అని చెప్పిపోయింది. నాకు మళ్లీ నిద్ర పడితే కదా!