లెడ్ ఎక్కడ, లీడ్ ఎక్కడ?
నమస్కారమండీ. హన్మకొండలో ఇన్వర్టర్ల దుకాణంలో కొత్తగా చేరిన మీకు, ఎల్, ఇ, ఎ, డి అక్షరాలున్న మాటను ఒకరు లీడ్ అని, మరొకరు లెడ్ అని పలకడంతో ఏది సరైనదన్న సందేహం కలిగిందని రాశారు. రెండూ సరైనవే, అర్థాలే వేరు. సీసం అనే లోహాన్ని చెప్పేటప్పుడు పలుకు లెడ్. బ్యాటరీలోని పలకలను సీసంతోనూ, దాని ఆక్సైడుతోనూ చేస్తారు కాబట్టి, చుట్టుపక్కల ఎవరు ఎలా పలికినా, మీరు లెడ్ యాసిడ్ బ్యాటరీ అనే అనండి. కరెంటును కొలిచే మల్టీమీటరుకు తగిలించే తీగ, కొనే అవకాశమున్న ఖాతాదారు వివరం, ఆటలో ఆధిక్యం, ముందుండి నడిపించడం, ఇవన్నీ లీడ్. నడిపించారు అని భూతకాలంలో చెప్పేటప్పుడు మాత్రం పలుకు మళ్లీ లెడ్ అవుతుంది గానీ, రాతలో ఎ అక్షరం ఉండదు. చదువుకున్నవారు కూడా తరచుగా పొరబడేది ఇక్కడే కనుక, ఉత్తరాలు రాసేటప్పుడు దీన్ని ప్రత్యేకంగా గమనించండి. పెన్సిల్ ములుకునూ లెడ్ అనే అంటారు, అయితే అందులో ఉండేది సీసం కాదు, గ్రాఫైటూ బంకమట్టీ.